మొండిచెవి తోలుకొచ్చిన మంద

అట్లతద్ది నాడు గొల్ల ఈరమ్మకు అన్యాయం జరిగింది. ఆమె మందకుక్క, చిరుతతో కలబడి చెవి పోగొట్టుకున్న మొండిచెవిని, "ఇది నా కుక్క" అని ఊరందరి ముందు దబాయించి దొర లాక్కుపోయాడు. దొరల నోటికి అడ్డేముంది? కుక్క లేకపోతే చిరుత ఆమె మందను మిగల్చదు.

మర్నాడు పొద్దుగూకేసరికి, అలవాటు మానని మొండిచెవి దొర ఆవులన్నిటినీ ఈరమ్మ దొడ్డికే తోలుకొచ్చింది. విడిపించబోయిన పాలేళ్ల మడమలు కొరికింది.

"దొంగదానా! నా మంద!" ఊరంతా పోగవగా దొర రంకెలేశాడు.

"నేను గడప దాటలేదు దొరా. మీ కుక్క తెచ్చిచ్చింది, వద్దనడానికి నేనెవర్ని? నా కుక్కయితే చెప్పండి, ఒక్క ఈలతో మందను మీ ఇంటికి చేరుస్తా."

దొర గొణిగాడు, "నీ కుక్కే."

"ఊరికి వినబడలేదు."

"నీదే తల్లీ!"

ఈరమ్మ ఈల వేసింది. మందను దిగబెట్టి వచ్చి మొండిచెవి ఈరమ్మ పాదాల మీద తల పెట్టాక గాని ఆమెకు ఊపిరాడలేదు. ఆ రోజు ఆశ్వయుజ బహుళ చవితి.