రాజుగారి సవరం

ఒకానొక రాజ్యం ఉండేదండీ, దాని పేరు ఉలవలదుర్గం. పేరు విని అప్పుడే నవ్వకండి. రాజుగారి మీసం చూశాక నవ్వుదురుగాని.

ఆ రాజుగారు వీరప్రచండ భూపతి. పేరు పొడుగే, మీసం ఇంకా పొడుగు. కుడి మీసానికి ఒక నౌకరు, ఎడమ మీసానికి ఒక నౌకరు, ఆ ఇద్దరికీ తగవు రాకుండా చూసేందుకు ఒక పెద్దమనిషి. పొద్దున్నే ఆముదం రాసి, దువ్వి, మెలిపెట్టి, దాని మీద నిమ్మకాయ నిలబెట్టి చూసేవారు. నిలబడిందా, ఆ రోజు కొలువు. జారిందా, కొలువుకు సెలవు!

ఆ కొలువులో సింగరభట్టు అని ఒక హాస్యగాడు ఉండేవాడు. తల నున్నగా తోమిన రాగి చెంబు. ఒక్క వెంట్రుక వెతకాలన్నా దీపం పట్టుకోవాలి. కాకపోతే ఆ చెంబు నిండా తెలివే.

ఒకనాడు మంచుకొండల అవతలి దేశం నుంచి స్నేహం కోరి రాయబారం వచ్చింది. వచ్చినవాళ్లు ఇద్దరే. ఒకరు జుట్టు పొట్టిగా కత్తిరించి, తలపాగా చుట్టి, నడుముకు కత్తి కట్టుకుని పెద్ద పెద్ద అంగలతో వచ్చారు. రెండోవారికి మోకాళ్లదాకా జడ, జడ నిండా పూలు, కళ్లకు కాటుక, చేతులకు గాజులు.

రాజుగారు సింహాసనం దిగి వచ్చి, తలపాగా మనిషికి శాలువా కప్పి, "రావయ్యా వీరుడా! ఇంటావిడను కూడా వెంటబెట్టుకొచ్చావే, చాలా సంతోషం!" అన్నారు. జడ మనిషికి పళ్లెంలో పసుపు కుంకుమ, రవికెల గుడ్డ ఇప్పించి, "తల్లీ, నువ్వు లోపలికి వెళ్లు. రాణిగారు పచ్చీసు ఆడుతుంటారు, తోడు కూర్చో" అన్నారు.

తలపాగా మనిషి గొంతు సవరించుకుంది. "మహారాజా, నేను ఆడదాన్ని. నా పేరు దండిక. రాయబారిని నేనే. ఈయన మా ఆయన, హిమలుడు."

హిమలుడు రవికెల గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసి, "బట్ట చాలా బాగుందండీ. మా గుర్రానికి చెవుల టోపీ కుట్టిస్తాను" అన్నాడు ఎంతో వినయంగా.

సభలో ఒక మూల కిసుక్కుమంది. ఆ కిసుక్కు రెండో మూలకు పాకింది. రాజుగారి మొహం కందగడ్డ అయింది.

అక్కడితో ఊరుకున్నా పోయేది. కానీ హిమలుడు మరీ మంచివాడు. మంచివాళ్లతోనే వస్తుందండీ చిక్కు! దగ్గరకు వచ్చి జాలిగా అడిగాడు: "ప్రభూ, మూతికి దెబ్బ తగిలిందా? ఎండుగడ్డితో కట్టు కట్టినట్టున్నారు? మా దేశంలో మగవాళ్లకు అక్కడేమీ ఉండదు. మేకపోతులకు ఉంటుంది, అదీ గడ్డం కింద."

ఇక చూడండి!

"శాసనం!" అని రాజుగారు పెట్టిన కేకకు మీసం రెండు కొసలూ లేచి నిలబడ్డాయి. "మగపుట్టుక పుట్టినవాడు జడ వేయరాదు! పూలు ముడవరాదు! గాజులు తొడగరాదు! ఎవడైనా వేశాడా, గుండు! గుండుతో పాటు మీసం కూడా!"

"ఆయనకు మీసం లేదు కదా ప్రభూ" అన్నాడు మంత్రి మెల్లగా.

"ఉన్నవాళ్ల కోసమయ్యా!"

దండిక మోకాళ్ల మీద కూలబడింది. "మహారాజా, ఆ పని చేయకండి. మా దేశంలో మగవాడు జడ తీయించేది భార్య పోయినప్పుడే. ఈయన గుండుతో ఊళ్లో అడుగు పెడితే నేను చచ్చినట్టే లెక్క."

"నువ్వు పక్కనే నడుస్తుంటావు కదా?"

"నడుస్తాను. అయినా జడ పోయిందంటే మనిషి పోయినట్టే. నా కొలువు మా చెల్లెలికి ఇస్తారు. నా మంచం అటకెక్కిస్తారు. ఈయనకు సంబంధాలు వెతుకుతారు. నా పెద్దకర్మ భోజనం నేనే వడ్డించాల్సి వస్తుంది ప్రభూ!"

హిమలుడు జడను రెండు చేతులా గుండెకు హత్తుకున్నాడు. ఆయన కాటుక కరిగి బుగ్గల మీదికి జారింది.

"మీ దేశంలో ఏమైతే నాకేం? ఇది ఉలవలదుర్గం! ఇక్కడ మగాడు మగాడిలా ఉండాలి!" అన్నారు రాజుగారు.

అప్పుడు లేచాడు మన సింగరభట్టు. "ఆహా! శాసనమంటే ఇదీ ప్రభూ! కాకపోతే, పరదేశం వాళ్ల మీదేనా ప్రతాపం అని రేపు లోకులు ఆడిపోసుకుంటారు. 'ఎంతటివాడైనా సరే' అని ఒక్క ముక్క చేర్చారనుకోండి, ఎంత గంభీరంగా ఉంటుందీ!"

గంభీరం అంటే రాజుగారికి బెల్లం ముక్క. "చేర్చండి! ఎంతటివాడైనా సరే! ఏ రోజైనా సరే!"

"ఏ రోజైనా! అబ్బ, ఇది నాకు తట్టనేలేదు ప్రభూ!" అని భట్టు రెండు బుగ్గలూ వాయించుకున్నాడు.

క్షురకుడు కోటప్ప వచ్చాడు. వచ్చినవాడు కత్తుల పొది విప్పకుండా నిలబడ్డాడు. "ఈ రోజు మంగళవారం ప్రభూ. ఈ రోజు కత్తి పడితే ఆయుష్షు తగ్గుతుందంటారు. చేయించుకున్నవాడికా, చేసినవాడికా, చేయించినవాడికా అన్నది మాత్రం పెద్దలు తేల్చలేదు."

'చేయించినవాడికా' అన్న మాట చెవిన పడగానే రాజుగారు, "రేపు పొద్దున్నే కానివ్వండి, కోట గుమ్మం దగ్గర, అందరూ చూసేట్టు" అని లేచిపోయారు.

భట్టు తిన్నగా కోట గుమ్మానికి వెళ్లాడు. అక్కడ కావలివాడు గురునాథం. వాడికి ఆజ్ఞ అంటే ఆజ్ఞే. ఓసారి రాజుగారు "నేను పడుకున్నాను, ఎవరినీ లోపలికి రానివ్వకు" అని చెప్పి, మరిచిపోయి పెరటి దారిన షికారుకెళ్లి గుమ్మానికి వస్తే, "రాజుగారు పడుకున్నారు, తర్వాత రండి" అని ఆయన్నే వానలో నిలబెట్టిన ఘనుడు.

"గురునాథం, శాసనం విన్నావుగా? రేపు కూడా అదేనా?"

"ఏ రోజైనా అన్నారు కదా భట్టుగారూ. రేపు రోజు కాదా?"

"రోజే నాయనా, రోజే" అని భట్టు చల్లగా ఇంటికి పోయాడు.

ఇంతకీ మర్నాడు ఏమిటంటే ఉలవలమ్మ జాతర. తాతముత్తాతల నుంచి ఆ రాజ్యంలో ఒక ఆనవాయితీ. జాతర నాడు రాజు చీర కట్టి, జడ వేసి, పూలు ముడిచి, గాజులు తొడిగి, అమ్మవారి ఘటాన్ని నెత్తిన పెట్టుకుని కోట గుమ్మం దాటాలి. రాజు స్వయంగా మోయకపోతే ఊరికి వాన రాదు. మరి ఈ సంగతి రాజుగారు మరిచారా అంటే, మరవలేదండీ! ఆయన బుర్రలో శాసనం ఒక గదిలో ఉంది, జాతర ఇంకో గదిలో ఉంది. మధ్యలో తలుపు లేదు.

పొద్దున్నే రాణి మాచలదేవి దగ్గరుండి ముస్తాబు చేసింది. ఎర్ర పట్టుచీర, బుగ్గన చుక్క, ముంజేతుల నిండా గాజులు. అవి ఎక్కకపోతే మీసం ఆముదమే తెచ్చి రాసి ఎక్కించారు. వెనక బారెడు సవరం, దానికి బంగారు జడకుప్పెలు, కనకాంబరాలు. ముందు మాత్రం నిమ్మకాయ నిలిచే ఆ మీసం అలాగే!

"ఎలా ఉన్నాను దేవీ?" అన్నారు రాజుగారు అద్దంలో చూసుకుంటూ.

"నడుము సంగతి వదిలేస్తే, నాకంటే నయం" అంది రాణి.

డప్పులు మోగాయి. రాజుగారు ఘటమెత్తుకుని, కుచ్చిళ్లు పట్టుకుని గుమ్మం దాకా వచ్చారు. గురునాథం బల్లెం అడ్డం పెట్టాడు. పక్కనే పీట వేసుకుని కోటప్ప కత్తి నూరుతున్నాడు. ఎదురుగా హిమలుడు, అతని చేయి వదలకుండా దండిక.

"ఆగమ్మా" అన్నాడు గురునాథం.

"అమ్మేమిట్రా! నేను రాజును!"

"అయితే మగవారేనన్నమాట?"

"కాక!" అని రాజుగారు మీసం మెలేశారు. గాజులు గలగలమన్నాయి.

"అయితే ఆ పీట మీద కూర్చోండి ప్రభూ. జడ, పూలు, గాజులు, అన్నీ ఉన్నాయి. కోటప్పా, ముందు వీరిది కానియ్."

కోటప్ప కత్తి తుడిచి, "గుండుతో మొదలెట్టనా ప్రభూ, మీసంతోనా?" అన్నాడు.

రాజుగారు ఒక చేత్తో ఘటం, ఒక చేత్తో మీసం పట్టుకుని, "ఓరి నీ ఇల్లు బంగారంగానూ! నేను ఆడదాన్నిరా!" అని అరిచారు.

"అలా చెప్పరేం తల్లీ! వెళ్లండి. పసుపు కుంకుమ అటు పక్క పంచుతున్నారు. ఘటం మాత్రం ఇక్కడ దించండి. దాన్ని రాజుగారే మోయాలి. ఆయన వచ్చాక ఇస్తాను."

చూశారా తమాషా! మగాడినంటే మీసం పోతుంది, ఆడదాన్నంటే ఘటం పోతుంది. బయట జనం, డప్పులు. లోపల చీర కట్టుకున్న రాజుగారు గుమ్మం మధ్యలో అటూ కాక ఇటూ కాక.

"సింగరభట్టూ!" అని కేక పెట్టారు. భట్టు స్తంభం చాటు నుంచే వచ్చాడు. దూరం వెళ్తేగా!

"భట్టూ, ఇది ఆచారమని ఈ మొద్దుకు చెప్పవయ్యా! నా జడ తీస్తే ఊరికి వాన పోతుంది!"

"తమరి జడ తీస్తే వాన పోతుంది. ఆయన జడ తీస్తే ఆవిడ పోతుంది. అదీ ఆచారమే కదా ప్రభూ?"

"ఎలా అవుతుందయ్యా? అది వేరు, ఇది వేరు!"

"నిజమే ప్రభూ, వేరే" అని భట్టు చేతులు కట్టుకున్నాడు. "ఆయనది సొంత జుట్టు."

డప్పులవాళ్లు కూడా ఆపేశారు. రాజుగారు భట్టు వంక చూశారు. హిమలుడి జడ వంక చూశారు. తన సవరం ముందుకు తెచ్చుకుని దాన్నీ చూశారు. ముందు కుడి మీసం వణికింది, తర్వాత ఎడమ మీసం, ఆ తర్వాత పొట్ట. పకపకా నవ్వుతుంటే నడుముకున్న వడ్డాణం ఫట్టున తెగి కోటప్ప పొదిలో పడింది.

"శాసనం రద్దు!" అన్నారు కళ్లు తుడుచుకుంటూ.

"ఆడవారిగా రద్దు చేస్తున్నారా ప్రభూ, మగవారిగానా?" అన్నాడు గురునాథం.

"రాజుగా చేస్తున్నానురా నాయనా!"

దండిక అక్కడే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది, తర్వాత నవ్వింది. "బతికానండీ" అంది భర్తతో. ఆయన మాత్రం రాజుగారి వైపు అడుగు వేశాడు. మళ్లీ ఏమంటాడో అని జనమంతా మెడలు చాచి చూశారు.

"ప్రభూ, తప్పుగా అనుకోకండి. సవరం వంకరగా కట్టారు, నాలుగడుగులు వేస్తే ఊడుతుంది. ఇలా కూర్చోండి."

రాజుగారు పీట మీద బుద్ధిగా కూర్చున్నారు. దండిక ఘటం పట్టుకుంది. హిమలుడు సవరం విప్పి, బిగించి, అందంగా అల్లి పూలు ముడిచాడు. ఆ ఏడు జాతరలో రాజుగారి జడ చూసి ఊళ్లో ఆడవాళ్లంతా కుళ్లుకున్నారు.

వాన పడిందా అంటారా? కుండపోతగా! మీసం తడిసి నిమ్మకాయ నిలవక, కొలువుకు చాలా రోజులు సెలవు.

కొలువు మళ్లీ మొదలయ్యాక, అతిథి ఎవరొచ్చినా రాజుగారు శాలువా, రవికెల గుడ్డ ఒకే పళ్లెంలో పెట్టించి, "మీకేది ఇమ్మంటారు?" అని అడిగేవారు. ఒకసారి పొరుగు రాజ్యం నుంచి వచ్చిన సేనాపతి చప్పుడు చేయకుండా రవికెల గుడ్డ తీసుకున్నాడు, కూతురికని చెప్పి.

"భట్టూ, నీకేం కావాలో కోరుకో" అన్నారు రాజుగారు.

భట్టు తల తడుముకున్నాడు. "ఈ జన్మలో జడ ఎరగను ప్రభూ. ఆ సవరం ఇప్పించండి."

రాజుగారు మళ్లీ పగలబడి నవ్వి, బంగారు కుప్పెలతో సహా సవరం ఇచ్చేశారు. భట్టు దాన్ని తలపాగాకు కట్టుకుని, ఊపుకుంటూ ఇంటికి వెళ్లి తలుపు కొట్టాడు. భార్య నరసమాంబ తలుపు తీసి చూసి, "మా ఆయన ఇంట్లో లేరమ్మా" అంది.

"నేనేనే!"

ఆవిడ భర్తను కిందికీ పైకీ చూసి, వెనక్కి తిప్పి చూసింది. కుప్పెలు అరచేతిలో వేసుకుని బరువు చూసింది.

"మీకు భలే నప్పిందండీ" అంది ముడి విప్పుతూ. "నాకు ఇంకా నప్పుతుంది."