సూరమ్మ చెప్పిన వరస

గుగ్గిలం చెట్ల అడవిలో ఒక వాగు ఉంది. దాని ఇవతలి గట్టు పల్లం, అవతలి గట్టు మెరక. వానలు ముదిరితే ఇవతలి బొరియలన్నీ మునిగిపోతాయి. అందుకే జంతువులన్నీ ఏటా ముందుగానే, రెండు బండల మధ్య పడి ఉన్న ఒక మాను మీంచి అవతలికి వెళ్లిపోయేవి. ఆ ఏడు తొలి వానకే ఆ మాను కొట్టుకుపోయింది.

"ఎవరో ఒకరు దాటడానికి పలక చేయాలి," అన్నాడు అడవిపంది పోతయ్య, అందరికీ పెద్ద. "ఎవరి పలక ముందు నిలబడితే వాళ్లకి అవతలి గుహలో లోపలి చోటు. చినుకు పడని చోటు అదొక్కటే."

కుందేలు చిట్టెమ్మ ముడుచుకుపోయింది. దాని పిల్లలింకా కళ్లు తెరవలేదు. ఆ చోటు నక్క కంఠయ్యకి దక్కితే, రాత్రంతా వాడి పక్కనే పడుకోవాలి.

"నువ్వు బెంగపడకు. నేను గెలిస్తే ఆ చోటు నీదే," అంది ఏదుపంది సూరమ్మ. అనడమే కాదు, అప్పుడే పోయి పచ్చి బెరడు కొరికి ఒలవడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి కంఠయ్య తోక ఊపుకుంటూ వచ్చాడు.

"ఏంటక్కా, ఒకే మందపాటి బెరడు వేస్తే పోయేదానికి ఇన్ని పొరలు అతికిస్తున్నావు?"

"ఒకే బెరడైతే నార వెంట చీలిపోతుంది తమ్ముడూ. అందుకే నాలుగు పొరలు. రెండిటి నార పొడుగ్గా, రెండిటి నార అడ్డంగా. మధ్యలో గుగ్గిలం బంక."

"అంతేనా?"

"అంతే కాదు. వరస ముఖ్యం. పైదీ కిందిదీ పొడుగు నార, నడుమ రెండూ అడ్డ నార. నడిమికి పైన ఎలా ఉందో కిందా అలాగే ఉండాలి. మర్చిపోకు."

కంఠయ్య తల ఊపి వెళ్లిపోయాడు.

చిట్టెమ్మ చెవులు నిక్కించింది. "అదేంటక్కా, గుట్టంతా వాడికి చెప్పేశావు!"

"నీళ్లొస్తే అందరం ఒక్కసారే పరిగెత్తాలి. ఒక పలక కంటే రెండు పలకలుంటే మేలు కదే."

"సరే, వరస మారితే ఏమవుతుంది?"

"పచ్చి బెరడు ఎండితే నార పొడవునా పెద్దగా తగ్గదు, అడ్డంగా మాత్రం బాగా ముడుచుకుంటుంది. పై పొర ఎంత లాగుతుందో కింది పొరా అంతే లాగితే పలక ఎటూ వంగదు. పైన ఒకలా, కింద ఒకలా ఉంటే మాత్రం ఒకటి పొడవు లాగుతుంది, ఇంకొకటి వెడల్పు లాగుతుంది. పలక అప్పడంలా తిరుగుతుంది."

దూరంగా పొద చాటున కూర్చున్న కంఠయ్యకి ఇదేమీ వినబడలేదు. వాడి లెక్కలో వాడున్నాడు.

'నాతో పోటీకి దిగినది, నాకు నిజం చెబుతుందా? నేనైతే చెబుతానా? నాలుగు పొరలన్న మాట నిజమే, కళ్లతో చూశాను. వరస సంగతి మాత్రం పచ్చి అబద్ధం. మర్చిపోకు అని మరీ మరీ చెప్పిందంటే, దానికి తిరగేసి, పైన ఒకలా కింద ఒకలా చేయాలన్నమాట!'

తన తెలివికి తనే మురిసిపోయాడు. ఎలుగుబంటిని నాలుగు మంచి మాటలు పొగిడి బెరడు ఒలిపించుకున్నాడు. కింద రెండూ పొడుగు నార, పైన రెండూ అడ్డ నార. సూరమ్మకంటే ముందే అతికించేశాడు. పలక చదునుగా, నున్నగా వచ్చింది. బంక ఆరాలని ఎండలో పెట్టాడు.

పొద్దు వాలేసరికి పలక రెండు కొసలూ పడవలా పైకి లేచాయి.

"బంక తడి," అనుకుని రాళ్లు పెట్టాడు. మర్నాడు ఎండ ఇంకా చురుక్కుమంది. రాళ్లు తీయగానే పలక మళ్లీ లేచి కూర్చుంది. మీద ఎక్కి తొక్కాడు. ఒక కొస దిగితే రెండో కొస మూతికి తగిలింది.

అంతలో పై కొండల్లో ఉరిమింది. వాగు రంగు మారింది.

సూరమ్మ పరుగున వచ్చింది. "వద్దు కంఠయ్యా! అది నిలవదు. నా పలక ఆరింది, దాని మీదే అందరం దాటుదాం, రా!"

'ఓహో, నన్ను ఆపి తను ముందు వేయాలని!' అనుకున్నాడు కంఠయ్య. "వంపు ఉంటేనే బలం అక్కా!" అంటూ పలకని బోర్లించి బండల మీద వేశాడు. "పోతయ్యా, చూడు! నాదే ముందు!"

నడి వాగుకి చేరాడో లేదో, వాడి బరువుకి వంపు కాస్త దిగింది. కొసలు తడి బండల మీంచి సర్రున జారాయి. పలక, కంఠయ్య, రెండూ నీళ్లలో.

తర్వాత ఆ బండల మీద సూరమ్మ పలక పడింది. చదునుగా కదలకుండా నిలబడింది. చిట్టెమ్మ ఒక్కో పిల్లనీ నోట కరుచుకుని దాటించింది. ఆఖర్న పోతయ్య దాటినా పలక కిర్రుమనలేదు.

చాలాసేపటికి కంఠయ్య దిగువన ఎక్కడో అవతలి గట్టుకి కొట్టుకొచ్చి, బురదోడుతూ, కుంటుకుంటూ గుహ దగ్గరికి చేరాడు. చిట్టెమ్మ, పిల్లలు లోపల వెచ్చగా ఉన్నారు. గుమ్మానికి అడ్డంగా సూరమ్మ ముళ్లు విప్పుకుని పడుకుంది. వాడికి మిగిలింది చూరు కింద జానెడు చోటు.

"అంత మంచిగా చెప్పింది కదా, ఎందుకు వినలేదురా?" అడిగాడు పోతయ్య.

"నిజం చెబుతుందని నాకేం తెలుసు?" అన్నాడు కంఠయ్య తుమ్ముతూ.

నీతి: మోసం తప్ప వేరే తెలియనివాడికి ఎదుటివాడి నిజం కూడా మోసంలాగే వినిపిస్తుంది.