పల్లాలయ్య పడవ, ఏసయ్య బియ్యం

ఇదిగో దీవెనా, ముందే చెబుతున్నా. ఈ కథలో ప్రతి ముక్కా నిజం. ఒక్క మాట అబద్ధమైనా రేపట్నుంచి నేను నమిలే తమలపాకు ఎర్రగా పండకపోవాలి, నా కళ్ళజోడు పిల్లి ఎత్తుకుపోవాలి. ఇంతకంటే పెద్ద ఒట్టు మన వంశంలో ఎవరూ పెట్టలేదు.

ఆ దుప్పటి ఇలా లాగు. మూతి ముడుచుకున్నది చాల్లే. పక్కింటి కామేశ్వరి అత్త మన క్రిస్మస్ కేకు ముట్టకుండా పళ్ళేన్ని అలాగే తిప్పి పంపిందని, ఇక జన్మలో వాళ్ళ గుమ్మం తొక్కనని, వాళ్ళ ఉగాది పచ్చడి కూడా నాలిక మీద వేసుకోనని మీ అమ్మతో అన్నావట. విన్నాను. నా చెవుడు నాకు అక్కరైనప్పుడే వస్తుంది.

సరే, ఊఁ కొట్టు.

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే ఊరు కాదు, గోదారి నడుమ ఒక లంక. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఇసక. ఆ ఇసకలో కాసే వంకాయలు ఎంతెంత ఉండేవంటే, ఒక్క కాయ కోసి సగం కూరొండుకుని, మిగతా సగంలో పిల్లల్ని పడుకోబెట్టి ఊపేవాళ్ళు. నవ్వకు. ఒట్టు పెట్టానా లేదా?

ఆ లంకలో మా నాయనమ్మ ఉండేది. పేరు ఎలీసమ్మ. ఆవిడ మొగుడు, అంటే మా తాత, సామేలు. లంక మొత్తానికి ఏసయ్యను నమ్ముకున్న కొంప అదొక్కటే. పైగా బయటినుంచి వచ్చినవాళ్ళు. అందుకని ఎవరికీ అక్కర్లేని మెరక ఒకటి చూపించి, అక్కడ గుడిసె వేసుకోమన్నారు. గడ్డిపోచ కూడా మొహం చాటేసే దిబ్బ అది.

మా నాయనమ్మకి ఒక అలవాటు. అన్నానికి బియ్యం తీశాక, ఎసట్లో పోసేముందు అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. పొద్దున పిడికెడు, మాపటికి పిడికెడు. అది దేవుడి పిడికెడు. మనవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళంతా అలాగే తీసేవారు. ఆదివారం ఆ బియ్యం చర్చికి పట్టుకెళితే, దాంతో దిక్కులేనివాళ్ళకి గంజి కాసేవాళ్ళు. మా నాయనమ్మ పిడికిలి సామాన్యమైనది కాదు. ఆవిడ ఒక్కసారి పిడికిలి బిగిస్తే గాదె సన్నబడేది. కంచంలో అన్నం తగ్గిందని మా తాత గొణిగేవాడు. ఆవిడ విననట్టు పప్పు వడ్డించేది.

అయితే చర్చి అవతలి గట్టున ఉంది. దాటాలంటే పడవ ఒక్కటే. ఆ పడవ పల్లాలయ్యది.

పల్లాలయ్యంటే ఏమనుకున్నావు? మీసం ఒక కొస ఈ ఒడ్డున, ఇంకో కొస ఆ ఒడ్డున. గెడ వేసి ఒక్క పోటు పొడిస్తే, పడవ గోదారి దాటి, గట్టెక్కి, సంతలో చింతపండు కొట్టు ముందు ఆగేది. మనిషి మంచివాడే. కానీ ఏసు పేరు చెబితే ఆయనకి పడదు. కొన్నాళ్ళు చూసీచూడనట్టు మా నాయనమ్మని ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత మా నాన్న పుట్టాడు. పసివాడికి చర్చిలో బాప్తిస్మం ఇప్పించి, అక్కడే పేరు పెట్టించాలని మా నాయనమ్మ ఆశ. ఆ మాట పల్లాలయ్య చెవిన పడింది. మన లంకలో పుట్టిన బిడ్డని కూడా ఆ దేవుడికి రాసిచ్చేస్తారా అని ఆయనకి ఒళ్ళు మండింది.

అప్పుడు ఆదివారం వచ్చింది. మా నాయనమ్మ చంకలో బిడ్డ, నెత్తిన బియ్యం కుండ పెట్టుకుని రేవుకి వెళ్ళింది. పడవ నిండిపోయిందన్నాడు పల్లాలయ్య. చూస్తే పడవలో ఉన్నది ఒక్క మేక. అదీ ఓ మూలకి ఒదిగి, బోలెడంత చోటు వదిలి కూర్చుంది. మేకకున్న మర్యాద మనిషికి లేకపోయింది. మా నాయనమ్మ ఒడ్డున ఇసకలో కూర్చుని, అక్కడే పాట అందుకుంది. ఆ గొంతుకి గోదారిలో చేపలన్నీ పైకొచ్చి వరస కట్టాయి. కొంగ వాటిని చూసి కూడా తినడం మర్చిపోయింది.

రెండో ఆదివారం వచ్చింది. ఈసారి రేవునిండా జనం. పల్లాలయ్య గెడ మీద ఆనుకుని, అందరికీ వినబడేలా అన్నాడు.

"మీ ఏసు నీళ్ళమీద నడిచాడటగా. నువ్వూ నడిచిపో, పడవెందుకు?"

ఒడ్డంతా ఒకటే నవ్వు. ఆ నవ్వుకి తాటికాయలు రాలాయి. మా నాయనమ్మ కూడా నవ్వింది.

"నడిచింది ఆయన, పల్లాలయ్యన్నా. నేనింకా నేర్చుకుంటున్నా. అది వచ్చేదాకా నీ పడవే గతి."

అప్పుడు జనం మళ్ళీ నవ్వారు. ఈసారి నవ్వు అటు తిరిగింది. అదే చేటు తెచ్చింది. నలుగురిలో నవ్వులపాలైనవాడు ఊరుకుంటాడా?

మూడో ఆదివారం ఆయన నవ్వలేదు, ఎగతాళీ చెయ్యలేదు. గెడ అడ్డం పెట్టి నెమ్మదిగా చెప్పాడు.

"ఆ దేవుణ్ణి వదిలేసి రా, ఎక్కించుకుంటా. లేదంటావా, సంతకి లేదు, వైద్యుడి దగ్గరికి లేదు, నీ పుట్టింటికీ లేదు. ఈ పడవ నీకు లేదు."

మా నాయనమ్మ అవతలి ఒడ్డు వంక చూసింది. చర్చి గంట సన్నగా వినబడుతోంది. చంకలో పేరులేని బిడ్డ ఉన్నాడు.

"ఆయన్ని వదిలేశాక ఆ ఒడ్డున నాకేం పనన్నా?" అని, వెనక్కి తిరిగి నడిచింది. తలకాయ ఇలా నిటారుగా పెట్టుకుని. చూడు, ఇలా. నెత్తిమీద కుండ ఒక్కసారి కూడా తొణకలేదు.

ఇంటికొచ్చాక మాత్రం ఏడ్చిందిలే. గోదారి రెండు మెట్లు పెరిగిందంటే ఆ ఏడుపుకే.

మా తాతకి కోపం నషాళానికి ఎక్కింది. ఈ లంక వదిలిపోదామన్నాడు. ఆవిడ వద్దంది. పోనీ ఆ పల్లాలయ్యతో మాట మానేద్దామన్నాడు. అదీ వద్దంది. పైగా ఆ రోజునుంచి పడుకోబోయేముందు చేసే ప్రార్థనలో పల్లాలయ్య పేరు మొదట వచ్చేది. ఆ తర్వాత ఆయన భార్య మంగాయమ్మ, ఆ తర్వాత వాళ్ళ మనవరాలు, ఆ తర్వాత ఆ మేక. మా తాత పేరు వచ్చేసరికి ఆయన గుర్రుపెట్టేవాడు. నేను మొగుణ్ణా, మేక తర్వాత వాణ్ణా అని పొద్దున్నే తగాదా.

పిడికెడు తియ్యడం కూడా మానలేదు. చర్చికి వెళ్ళే దారే లేదు, ఇంకా ఎవరికోసం తీస్తున్నావని మా తాత అడిగాడు. ఇది తీస్తున్నది దేవుడికి, ఆయనేం పడవకోసం కూర్చోడు అంది. అలా ఒక కుండ నిండింది. ఆ తర్వాత ఇంకోటి. ఆ తర్వాత ఇంకోటి. కుండమీద కుండ ఎక్కి గుడిసె కప్పు పైకి లేచిపోతే, కాకులు లోపలికి తొంగిచూసి "ఎలీసమ్మగారూ, బావున్నారా" అని అడిగేవి.

పిల్లాడికి మాత్రం పేరు లేదు. లంకంతా వాణ్ణి "మూట" అని పిలిచేవాళ్ళు. మూట పాకాడు, మూటకి పన్నొచ్చింది. అలా.

అప్పుడు వరదొచ్చింది.

నువ్వు టీవీలో చూసేవి వరదలు కావు, తల్లీ. ఆ వరదకి చేపలు చెట్లెక్కాయి. గోదారి ఇంటింటి గడప దగ్గరా ఆగి "వదినా, లోపలికి రానా" అని అడిగి, జవాబు వినకుండా వచ్చేసింది. అందరి గాదెలూ తడిశాయి. బియ్యం నాని, వాసనొచ్చి, పశువులు కూడా ముట్టలేదు.

పల్లాలయ్య పడవేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ముసలివాళ్ళని, పిల్లల్ని, కోళ్ళని, అందరినీ ఎక్కించుకున్నాడు. అరచేతులు బొబ్బలెక్కి, గెడంతా నెత్తురైంది. ఉన్న మాటే చెప్పాలి, ఆయన లేకపోతే లంకలో సగంమంది మిగిలేవాళ్ళు కాదు. అయితే అందరినీ చేర్చడానికి పొడి నేల ఎక్కడుంది? లంక మొత్తానికి మునగనిది ఒక్కటే. ఎవరికీ అక్కర్లేని ఆ మెరక.

అలా లంకంతా వచ్చి మా నాయనమ్మ వాకిట్లో కూర్చుంది. గంజి అడగడానికి ఎవరికీ మొహం చెల్లలేదు.

మా నాయనమ్మ కుండల వంక చూసింది. ఆ బియ్యం తనది కాదు, దేవుడిది. కాసేపు కళ్ళుమూసుకుంది. ఆ తర్వాత లేచి, మొదటి కుండ దించి, పెద్ద ఎసరు పెట్టింది. గంజి ఉడికిన వాసనకి గోదారి కూడా ఒక జాన పైకొచ్చి వాసన చూసి వెళ్ళింది. అందరూ తిన్నారు. నవ్వినవాళ్ళూ తిన్నారు, వాళ్ళకి మరో గరిటె ఎక్కువే పడింది.

పల్లాలయ్య మాత్రం తినలేదు. దిబ్బ చివర వీపు తిప్పి కూర్చున్నాడు. ఏసు పేర తీసిన బియ్యం, ఏసు మనిషి వండింది, తన గొంతు దిగదన్నాడు. ఆయన తినలేదని మంగాయమ్మా తినలేదు. వాళ్ళ మనవరాలు, నీ అంత పిల్ల, తాత మొహం వంకా గంజి వంకా చూస్తూ వేలు చీకుతోంది.

మా తాత అన్నాడు కదా, మాడనీ, మూడు ఆదివారాలు నిన్ను ఒడ్డున నిలబెట్టినవాడే కదా అని. ఇంకో పెద్దమనిషి గుసగుసగా ఇంకో సలహా చెప్పాడు. ఇదే అదను ఎలీసమ్మా, ఇప్పుడు అడిగితే మీ దేవుడికి దణ్ణం పెట్టి మరీ తింటాడు, అడుగు అన్నాడు.

"ఆకలితో ఉన్నవాడి చేత పెట్టించేది దణ్ణం కాదు, బాబాయ్," అంది మా నాయనమ్మ. "ఆయన ఏసుని వద్దన్నాడు. అన్నం వద్దనలేదుగా."

అప్పుడేం చేసిందో తెలుసా? నీకు స్వయంపాకం అంటే తెలియదు. ఒకరి చేతి వంట తినని మనిషి ఇంటికొస్తే, వండకుండా అన్నీ పచ్చివే ఇస్తారు. ఆ మనిషి తనే వండుకు తింటాడు. ఇచ్చినవాళ్ళకి మర్యాద, పుచ్చుకున్నవాళ్ళకీ మర్యాద. మా నాయనమ్మ చేట తీసుకుంది. అందులో బియ్యం పోసింది, కందిపప్పు పోసింది, రెండు వంకాయలు, కాస్త చింతపండు, ఉప్పు, మిరపకాయలు పెట్టింది. కొత్త కుండొకటి, ఎండు పుల్లల మోపొకటి తెచ్చింది. అన్నీ పట్టుకెళ్ళి మంగాయమ్మ ముందు దించి, నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడింది.

పల్లాలయ్య తల తిప్పాడు.

"ఇవి మీ చర్చి బియ్యం కాదూ?"

కాదు అంటే ఆయన హాయిగా తినేవాడు. ఎవరు చూడొచ్చారు? కానీ మా నాయనమ్మ అబద్ధం ఆడదు. మన ఇంట్లో ఎవరూ ఆడరు. నన్ను చూడు.

"అవునన్నా. ఆయనకోసం తీసినవే," అంది. "తనని వద్దన్నవాళ్ళకి కూడా పెట్టమంటాడు. ఆయన పద్ధతే అంత, నేనేం చెయ్యను?"

మంగాయమ్మ మొగుడి వంక చూడకుండా మూడు రాళ్ళు పేర్చి పొయ్యి అంటించింది. అన్నం ఉడికింది. మనవరాలు తిన్నది. మంగాయమ్మ తిన్నది. ఆ తర్వాత పల్లాలయ్య కూడా బొబ్బల చేత్తో ముద్ద కలిపాడు. ఎంత తిన్నాడంటే, ఆయన తేన్చిన తేన్పుకి వరద భయపడి వెనక్కి తగ్గింది. ఊళ్ళోవాళ్ళు వర్షం తగ్గి నీళ్ళు దిగాయంటారు. వాళ్ళకేం తెలుసు?

నీళ్ళు తీశాక ఆదివారం వచ్చింది. మా నాయనమ్మ చంకలో మూట, నెత్తిన ఖాళీ కుండ పెట్టుకుని రేవుకి వెళ్ళింది. ఎక్కించుకుంటాడని ఆవిడకేం తెలుసు? అయినా వెళ్ళింది. పల్లాలయ్య తన తలగుడ్డ విప్పి పడవ బల్ల తుడుస్తున్నాడు.

"నేను మీ దేవుడికి మొక్కను," అన్నాడు, తల ఎత్తకుండా.

"తెలుసన్నా."

"మొక్కించాలని కూడా చూడకు."

"చూడను. ప్రార్థన మాత్రం చేస్తా. దానికి నీ సెలవు అక్కర్లేదు."

అప్పుడు ఆ మీసం రెండు కొసలూ కాస్త పైకి లేచాయి. ఎక్కమని చెయ్యి చూపించాడు.

చర్చిలో అయ్యగారు ఖాళీ కుండ చూసి, సంగతంతా విన్నారు. ఇంత బరువైన కుండ ఈ చర్చికి ఇంతకుముందు రాలేదన్నారు. బిడ్డకి బాప్తిస్మం ఇచ్చి పేరు పెట్టారు. పల్లాలయ్య లోపలికి రాలేదు. రేవులోనే కూర్చున్నాడు. తిరిగొచ్చేటప్పుడు, ఏటి మధ్యకి వచ్చాక, ఏం పేరు పెట్టారని అడిగాడు.

"నోవహు," అంది మా నాయనమ్మ. "వెనకటికి పెద్ద వరదొస్తే తనవాళ్ళనీ, జంతువుల్నీ పడవలో ఎక్కించుకున్నాయన."

"మీవాళ్ళలోనూ పడవవాడున్నాడా?" అన్నాడు పల్లాలయ్య. మిగతా దారంతా గెడ ఎంత సుతారంగా వేశాడంటే, మా నాన్న ఒళ్ళో నిద్రపోయాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం మొదటి పడవ ఎలీసమ్మదే. పల్లాలయ్య బతికినన్నాళ్ళూ తీసుకెళ్ళాడు. బతికినన్నాళ్ళూ రేవులోనే కూర్చున్నాడు. చర్చి గడప తొక్కలేదు. పోయేనాటికి కూడా మొక్కలేదు.

ఏంటీ? అయితే నాయనమ్మ ఓడిపోయిందా? ఓసి పిచ్చిదానా. ఆయన ఏసయ్యని వద్దన్నన్నాళ్ళూ, ఆవిడ పల్లాలయ్యని వద్దనలేదు. ఆఖరి రోజుదాకా ప్రార్థనలో ఆయన పేరే మొదట. చూపించు నాకు, ఈ గోదారి జిల్లాలన్నిటిలో అలాంటి మనిషిని ఇంకొకర్ని. ఆ పిడికిలి రక్తమే నీ ఒంట్లోనూ ఉంది. ఏదీ, పిడికిలి బిగించు. ఊఁ, ఫరవాలేదు, ఇంకా పెరుగుతుంది.

అందుకని రేపు పొద్దున నీకో పని. కామేశ్వరి అత్తకి మన చేతి వంట పట్టదు, అంతే కదా. పెరట్లో మంచి కొబ్బరికాయలున్నాయి. ఒలిచిందొకటి పట్టుకెళ్ళు, చెట్టు నిమ్మకాయలు నాలుగు పెట్టుకో. నవ్వుతూ ఇవ్వు. పుచ్చుకుంటే నవ్వుతూ రా. వద్దంటే కూడా నవ్వుతూనే రా, తల ఇలా నిటారుగా పెట్టుకుని. ఉగాదికి పచ్చడి ఇస్తే నాకూ కాస్త అడిగి తీసుకురా.

కథ కంచికి, పడవ రేవుకి,
పిడికెడు బియ్యం ఆకలి కడుపుకి,
మనం ఇంటికి, నువ్వు నిద్దట్లోకి,
తెల్లారగానే కొబ్బరికాయ పక్కింటికి.