ఏడో చుక్క

నిన్న పొద్దుపోయాక ఆకాశంలో ఏం చూశారు? చెప్పండి. ముందు అది చెప్పండి, కథ తర్వాత.

ఏమీ చూడలేదా? కరెంటు పోయిందని వీధంతా గోల చేశారు కదా, అప్పుడైనా ఒక్కరు తలెత్తారా? లేదు. ఎదురింట్లో ఇన్వర్టరు మీద ఫ్యాను తిరుగుతోందని కుళ్ళుకుంటూ కూర్చున్నారు. పైన అంత ఆకాశం ఊరికే పరిచి ఉంది. దానికి టికెట్ లేదు. దుర్భిణీ అక్కర్లేదు. ఎత్తడానికి తల ఉంటే చాలు. సరే, ఆ కుళ్ళు సంగతే చెబుతాను. కుదురుగా వినండి.

అనగనగా ఒక అడవిలో, కొండ నడుమ ఒక చదును బండ ఉండేది. పొద్దు వాలి చీకటి పడగానే జంతువులన్నీ అక్కడికి చేరేవి. ఆ కాసేపూ ఎవరూ ఎవరినీ వేటాడకూడదు. అది వాళ్ళ కట్టుబాటు. మధ్యలో అప్పన్న అనే ముసలి ముళ్ళపంది కూర్చునేది. వచ్చినవాళ్ళని ఒకటే మాట అడిగేది.

"ఏం చూశావో చెప్పు."

"అదిగో తాతా, పిల్లలకోడి వచ్చింది. చుట్టూ పిల్లలన్నీ ముద్దగా ఉన్నాయి" అంది కుందేలు, ఆకాశంలో ఒక చుక్కల గుత్తిని చూపిస్తూ.

"కోడి ఏంటి, అది తేనెపట్టు. చూస్తుంటేనే నోరూరుతోంది" అంది దాలయ్య అనే ఎలుగుబంటి.

"నిజంగా కోడే అయితే ఇన్నాళ్ళూ నేనిలా ఊరుకునేవాణ్ణా?" అంది నక్క.

అందరూ నవ్వేవారు. అందరికంటే ఎక్కువగా అప్పన్న నవ్వేది. "పేర్లు తెలియకపోతే మీరే పెట్టుకోండి. చుక్కలేమీ అలగవు" అనేది.

ఆ నవ్వులు వింటే ఒకరికి ఒళ్ళు మండేది. ఆమె పేరు మంగతల్లి, అడవిపిల్లి. ఆ అడవిలో ఆమెకున్నంత చూపు ఎవరికీ లేదు. చీకట్లో ఆకు మీద పాకే చీమని కూడా పట్టేస్తుంది. అయినా అందరూ ఆ ముసలి ముళ్ళపంది చుట్టూ చేరుతున్నారు. అది కూడా భరించేదేమో. కానీ ఆమె సొంత కూన బుల్లెమ్మ, చీకటి పడితే చాలు, "అప్పన్న తాత దగ్గరికి వెళ్ళొస్తానమ్మా" అని పరుగు తీసేది. నా కూన నన్ను కదా చూసి మురిసిపోవాలి అని మంగతల్లి లోపల్లోపల ఉడికిపోయేది.

ఒకరోజు ఆమె కూడా బండ దగ్గరికి వెళ్ళింది.

"అది కోడీ కాదు, పట్టూ కాదు. విడివిడి చుక్కలు. నాకు ఏడు కనిపిస్తున్నాయి. మీకెన్ని?" అని అడిగింది.

కుందేలు ఆరు లెక్కపెట్టి తలదించుకుంది. ఎలుగుబంటికి అసలు లెక్కే రాదు. బండంతా చప్పబడిపోయింది.

అప్పన్న మాత్రం గబగబా దగ్గరికి జరిగింది. "ఏడా? ఏడోది ఎక్కడుందమ్మా? పక్కనున్నదానికి ఆనుకుని ఉందా, ఎడంగా ఉందా? కాస్త చెప్పవూ."

వెక్కిరిస్తోంది అనుకుంది మంగతల్లి. జవాబు చెప్పకుండా దిగిపోయింది.

రెండోసారి ఆమె ఇంకా పైనున్న శిఖరం మీద తన సభ పెట్టింది. "ఏడు చుక్కలు కనిపించినవాళ్ళకే ఇక్కడ చోటు" అంది. వచ్చినవాళ్ళని ఒక్కొక్కరినీ పరీక్షించి వెనక్కి పంపింది. చివరికి మిగిలింది గుడ్లగూబ ఒక్కటే. అది కూడా, "నాకు ఎలకల వేళయింది వదినా" అని ఎగిరిపోయింది. అప్పుడు బుల్లెమ్మ అమ్మ పక్కన కూర్చుని, చాలాసేపు కళ్ళు చికిలించి చూసింది.

"ఆరేనమ్మా."

"నా కడుపున పుట్టి ఆరేనా?"

కూన లేచి, మెల్లగా కిందికి, అప్పన్న బండ వైపు నడిచింది. కాసేపటికి కింద నవ్వులు వినబడ్డాయి. అందులో బుల్లెమ్మ నవ్వు కూడా ఉంది.

అదిగో, అక్కడ తెగింది మంగతల్లికి. నాకు దక్కనిది ఎవరికీ దక్కకూడదు అనుకుంది.

మూడోసారి ఆమె బండ దగ్గరికి పోలేదు. బండ కిందే మనుషులు పోడు కోసం చెట్లు కాల్చిన నేల ఉంది. మొదళ్ళలో నిప్పు ఇంకా రగులుతోంది. ఆమె పచ్చి ఆకులూ కొమ్మలూ లాక్కొచ్చి ఆ నిప్పు మీద పడేసింది. తోకతో విసిరింది, నోటితో ఊదింది. తెల్లటి పొగ లేచి బండని కప్పేసింది. పైన దగ్గులు, తుమ్ములు. "తాతా, ఆకాశం పోయింది" అని బుల్లెమ్మ ఏడుపు. మంగతల్లికి ఒక్క క్షణం ఎంతో హాయిగా అనిపించింది.

ఒక్క క్షణమే. గాలి తిరిగింది. పొగంతా ఆమె ముఖం మీదికే వచ్చింది. కళ్ళలో కారం కొట్టినట్టయింది. ఎటు చూసినా తెలుపే. నిప్పు ఎటుందో, దారి ఎటుందో తెలియలేదు. అంత చూపున్న పిల్లి ఉన్నచోటే గిరగిరా తిరిగింది.

అంతలో దగ్గరగా గలగలమని ముళ్ళ చప్పుడైంది.

"నా చప్పుడు పట్టుకుని వచ్చెయ్, మంగతల్లీ" అంది అప్పన్న గొంతు. "నాకు ఇది మామూలే."

ఆ గలగలల వెంట ఆమె బయటపడింది. వారం తిరిగేసరికి వేటకి సరిపడా చూపు వచ్చింది. చుక్కలు మాత్రం తిరిగి రాలేదు. తలెత్తితే, నీళ్ళలో పిండి కలిపినట్టు ఏదో మసక.

సిగ్గుతో ఆమె ఒక సాయంత్రం అప్పన్న బొరియ దగ్గరికి వెళ్ళింది.

"ఆ పొగ పెట్టింది నేనే మావా."

"తెలుసు. ఆ రోజు నీ తోక మాడిన వాసన కొట్టింది."

"తెలిసీ వచ్చావా? మరి పొగలో నీకెలా కనబడింది?"

"నాకు పొగ లేనప్పుడు మాత్రం ఏం కనబడింది గనక? నా చూపు మూడు బారలు దాటదు. ఒక్క చుక్కని కూడా నేను తిన్నగా చూడలేదు."

మంగతల్లి నిర్ఘాంతపోయింది. "మరి రోజూ బండ మీద ఏం చేస్తున్నావు?"

"అడుగుతున్నాను. కుందేలు చెబితే నాకు కోడి కనబడుతుంది, దాలయ్య చెబితే తేనెపట్టు. నీ కళ్ళ మీద నాకెంత ఏడుపో నీకేం తెలుసు? ఏడోది చూశానన్నావే, ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. నీకు మండితే పొగ పెట్టావు. నాకు మండినప్పుడల్లా ఎవరినో ఒకరిని అడిగాను. అంతే తేడా."

మంగతల్లి అప్పన్న పక్కకి జరిగింది. తర్వాత చెప్పింది. "పక్కనున్నదానికి ఆనుకునే ఉండేది మావా. బాగా సన్నగా. చూపు కాస్త పక్కకి తిప్పితేనే కనబడేది."

అప్పన్న కళ్ళు మూసుకుని, ఆ మాటని లోపల పెట్టుకుంది.

ఆ చీకటివేళ ఇద్దరూ కలిసి బండెక్కారు. మంగతల్లి కూన పక్కన కూర్చుంది.

"ఏం చూశావో చెప్పవే."

బుల్లెమ్మ బెదురుగా అమ్మ వైపు చూసింది. "ఆరేనమ్మా."

"ఆరు చాలవూ? ఎలా ఉన్నాయో చెప్పు."

నీతి: పక్కవాడికి ఉన్నది చూసి మనసు మండటం ఎవరికైనా ఉంటుంది, వాడి దగ్గరికి వెళ్ళి అడిగితే మనకీ కాస్త వెలుగు దొరుకుతుంది, వాడి మీద పొగ పెడితే ముందు మన కళ్ళే పోతాయి.

మరి ఈ రాత్రి మీకు కనబడని చుక్క మీ పక్కవాడికి కనబడితే, మీరేం చేస్తారు?