చేపతల్లులకు వదిలిన చోటు

వినండర్రా. అల కొట్టే ఒడ్డున ఒక రాజ్యం, ఆ రాజ్యానికి కేతనవర్మ అని ఒక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు ఉండేవారు.

ఒక ఏడు సముద్రంలో చేపలు కరువయ్యాయి. జాలర్లు తెల్లారగట్ల వెళ్లి ఉత్త వలలతో తిరిగొచ్చేవారు. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు మాయవల పన్ని, చేపతల్లులన్నిటినీ బంధించాడు మరి.

పెద్ద రాకుమారుడు సైన్యంతో వెళ్లాడు, కరాళుడి మంత్రానికి రాయైపోయాడు. రెండోవాడు బంగారంతో వెళ్లాడు, రాయైపోయాడు. మూడోవాడు మణిధరుడు ఒక్కడే తెప్ప మీద బయల్దేరాడు. దారిలో తెగిన వలలో చిక్కుకున్న తాబేలు కనిపిస్తే, వల కోసి విడిపించాడు.

"నా వీపెక్కు నాయనా," అంది తాబేలు. "కరాళుడి ప్రాణం గుహలో దాచిన చిలకలో ఉంది. ఆ గుహ తలుపు వాడి గొంతుకే తెరుచుకుంటుంది."

ఒక సముద్రం దాటారు, రెండు సముద్రాలు దాటారు, ఏడు సముద్రాలూ దాటారు. ఒడ్డున దొరికిన పచ్చటి ఈక ఒకటి పట్టుకుని మణిధరుడు మాంత్రికుడి దగ్గరికెళ్లాడు.

"అయ్యా, ఎవరిదో చిలక చచ్చిపోయినట్టుంది. మీదేనా?"

కరాళుడు గుండెలు బాదుకుంటూ పరుగెత్తి గుహ తెరిచాడు. వెనకే వెళ్లిన మణిధరుడు చిలకను చేజిక్కించుకున్నాడు. ఇంకేముంది, మాంత్రికుడు అన్నల్ని మనుషుల్ని చేశాడు, చేపతల్లుల్ని వదిలేశాడు. చిలకను మాత్రం మణిధరుడు తనతోనే తెచ్చుకున్నాడు.

ఒడ్డు చేరాక పెద్ద చేపతల్లి తల పైకెత్తింది. "గుడ్లు పెట్టే చోటే వలలు వేస్తే మేం మళ్లీ కరువైపోతాం. మాకొక్క చోటు వదిలేస్తారా?"

"భటుల్ని కాపలా పెడతాను," అన్నాడు రాజు.

జాలరిపెద్ద కూతురు నూకరత్నం ముందుకొచ్చింది. "వద్దు మహారాజా. కూడు తగ్గించుకునేది మేము. మాటా మాదే కావాలి, కాపలా మాదే కావాలి."

ఆ ఒడ్డునున్న మూడు ఊళ్లవాళ్లు ఇసుకలో కూర్చుని పొద్దుగూకేదాకా వాదించుకున్నారు. చివరికి చేపతల్లులు గుడ్లు పెట్టే ఎర్రరాతి దిబ్బ దగ్గర ఎవరూ వల వేయకూడదనుకుని, దాని చుట్టూ వెదురుగడలు పాతి, ఊరికో వంతున కాపలా కాశారు. మణిధరుడూ వంతుకెళ్లేవాడు. అలా వెళ్లి వెళ్లి నూకరత్నాన్ని ఇష్టపడ్డాడు. ఆమెకూ అతను నచ్చాడు. పెళ్లి కుదిరింది.

పెళ్లినాటికి గడల బయట చేపలింకా అంతంతమాత్రమే. విందుకి పొరుగు రాజులొచ్చారు. వాళ్లకి చేపల కూర పెట్టలేక రాజుకి తల కొట్టేసినట్టయింది.

"అమ్మాయీ, ఈ ఒక్కరోజుకి దిబ్బ దగ్గర వల వేయించనా?"

మూడు ఊళ్లూ నూకరత్నం వైపే చూశాయి.

"నా పెళ్లికని వేస్తే, రేపు ఇంకొకరి పెళ్లికీ వెయ్యాలి మామగారూ," అంది ఆమె నెమ్మదిగా.

రాజు వంటవాళ్లని పిలిచి, "గుమ్మడికాయ పులుసు పెట్టండి," అన్నాడు. పొరుగు రాజులు అదే జుర్రుకుంటూ తిన్నారు.

మరుసటేటికి దిబ్బ నిండి, చేపలు గడలు దాటి పొంగి వచ్చాయి. ఇద్దరు మనుషులు లాగే వలకు నలుగురు పట్టాల్సి వచ్చింది. రాజు మణిధరుడికే పట్టం కట్టాడు. జుట్టు నెరిసేదాకా వాళ్లిద్దరూ చల్లగా ఏలారు. రాణి అయినా సరే, తన ఊరి వంతు వచ్చిన రోజున నూకరత్నం కొంగు బిగించి పడవెక్కేది.