దించురాతి మాత గుడికి దారి చెప్పిన శౌరమ్మ

పల్నాటి మిరపచేల నడుమ, ఎర్రవాగు ఒడ్డున ఉన్న పాత రాతి చర్చిని చుట్టుపక్కల వారు దించురాతి మాత గుడి అంటారు. ఊరికి దూరంగా, వీధికి కాక పొలం గట్టుకు ముఖం పెట్టి ఉంటుంది. పండుగనాటి ఉదయం పీఠం మీద మాత స్వరూపం కనిపించదు. వచ్చినవారు గుర్తులు పట్టుకుంటూ వాగు వెంట నడిచి, ఆమెను వెతికి తెచ్చుకోవాలి. పట్నం పిల్లలు దీన్ని నిధి వేట అంటారు. ఊరివారు వెతుకుడు నడక అంటారు.

పూర్వం ఇక్కడ రాతిగుడి లేదు. ఊళ్ళో ప్రార్థనలకు ఒక తాటాకు పాక, అందులో కొయ్యతో చెక్కిన మరియమాత స్వరూపం ఉండేవి. ఒక వానాకాలం వాగు పొంగి రెంటినీ ఊడ్చుకుపోయింది. గుర్రం మీద వచ్చిన ఫాదర్ గారు, "మాత దొరికిన చోటే రాతిగుడి కడదాం. రేపు నేను బయలుదేరేలోగా దొరక్కపోతే గుడి పొరుగూరికి పోతుంది" అన్నారు.

తెల్లవారుజామున, ఫాదర్ లేని రోజుల్లో ప్రార్థనలు చెప్పించే ఉపదేశి చిన్నప్ప భార్య శౌరమ్మకు కల వచ్చింది. ముందు ఒరిగిన తాడి, అక్కడి నుంచి సున్నపు బట్టీ, ఆ తరువాత తన బిడ్డలు బరువు దించుకునే చోటు అని మాత దారి చెప్పింది. శౌరమ్మ మొగుణ్ణి లేపింది.

"ఆడదాని కలకు ఊరు కదులుతుందా? నాకొచ్చిందని చెబుతాలే" అన్నాడతను. తాడి దాకా విని, అటు తిరిగి పడుకున్నాడు. దేవుని తల్లి అయినా ఊళ్ళోకి రావాలంటే మగవాడి నోరు కావాలని అతని లెక్క. మాత దొరికితే చాలని శౌరమ్మ ఊరుకుంది.

ఊరంతా వెంటరాగా చిన్నప్ప ఒరిగిన తాడి దాకా దర్జాగా నడిచాడు. అక్కడ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వెనక్కి జరిగాడు.

"ఏమే, తరువాత ఎటు?"

"సున్నపు బట్టీకి."

"సున్నపు బట్టీకి" అని జనానికి ప్రకటించాడు. బట్టీ దగ్గర మళ్ళీ వెనక్కి జరగబోతే అతని మేనత్త అంతోనమ్మ పట్టేసింది.

"ఒరే చిన్నప్పా, కల నీకొస్తే గుర్తులు నీ పెళ్ళాం దగ్గర దాచుకున్నావట్రా?"

జనం నవ్వారు. చిన్నప్పకు రోషం వచ్చింది. ఇక భార్యను అడగకుండా తన మిరపతోటకు దారితీశాడు. గుడి తన తోట పక్కన ఉండాలని అతనికి ఎప్పటి నుంచో ఆశ. తవ్విస్తే ఎలుక బొరియలు బయటపడ్డాయి. పొద్దు నెత్తికెక్కింది. ఫాదర్ గారి గుర్రానికి జీను వేస్తున్నారు.

ఇప్పుడు చెవిలో చెబితే ఆ మాట మళ్ళీ మొగుడి నోటి గుండానే పోతుందని శౌరమ్మకు తెలుసు. చెప్పకపోతే గుడే పోతుంది. ఆమె గట్టు మీద కూర్చుని, అందరికీ వినబడేలా అంది: "ఏమయ్యా, కల ఎవరిదో చెప్పి అడుగు. చెబుతాను."

చిన్నప్ప తవ్విన గుంట వంక చూశాడు, గుర్రం వంక చూశాడు. "కల శౌరమ్మది. నేను సగంలో నిద్రపోయాను" అన్నాడు. ఆపైన, పెళ్ళయ్యాక మొదటిసారి పేరు పెట్టి పిలిచాడు. "శౌరమ్మా, తరువాత ఎటు?"

ఆమె లేచి ముందు నడిచింది. బరువు దించుకునే చోటు ఏదో మగవాళ్ళలో ఒక్కరికీ తెలియదు, ఆడవాళ్ళలో తెలియనివారు లేరు. గడ్డిమోపులతో వాగు దాటి వచ్చేవారు ఒడ్డున ఒక ఎత్తు బండకు మోపు ఆనించి ఊపిరి పీల్చుకుంటారు. అదే దించురాయి. శౌరమ్మ వంగి దాని కింద పేరుకున్న తుంగను లాగింది. కొట్టుకొచ్చిన తాటాకుల మధ్య, ఒళ్ళంతా బురదతో, చెక్కుచెదరని మాత. ఆడవాళ్ళ కేకకు గుర్రం జీనుతో సహా పరుగెత్తిందని చెబుతారు.

మాతను తలకెత్తుకోబోయిన చిన్నప్పకు అంతోనమ్మ అడ్డుపడింది. "పొద్దున్నించి కల మోశావు, చాల్లేరా." శౌరమ్మే మోసింది. గుడి ఆ రాతి పక్కనే లేచింది.

నేటికీ పండుగ ముందురోజు స్త్రీలే స్వరూపాన్ని దాచిపెడతారు. నడకకు ముందుండేది ఆ ఏడు ఊరికి కొత్తగా వచ్చిన కోడలు. ప్రతి గుర్తు దగ్గరా మగవారు, ఆమె మామగారితో సహా, పేరు పెట్టి పిలిచి దారి అడగాలి. అడగనిదే ఆమె కదలదు. ఒక ఏడు ఒక పెద్దమనిషి అడగనని మొండికేసి, పండుగ కూడు చల్లారేదాకా అందరినీ ఎండలో నిలబెట్టి, చివరకు అడిగాడు.

ఇక్కడ మొక్కుకుంటే పోయినవి దొరుకుతాయని, చెడిన పనులు చక్కబడతాయని భక్తుల నమ్మకం. ఇంట్లో ఆడవారిని అడిగి బయలుదేరితే మరీ త్వరగా ఫలిస్తుందట. మాత దొరకగానే గుడిగంట కొట్టేది ఆ కొత్త కోడలే. అంతవరకు ఆమె ఫలానా వారి కోడలు. గంట మోగాక ఊరూరా ఆమె పేరే చెప్పుకుంటారు.