నత్తగుల్లకొంగకు రంగు

ఎవరేం అడిగినా ఏసోబు మాస్టారు ముందు కుంచె కడుక్కునేవారు. కిరసనాయిల్లోకి రంగు దిగడం ఆగేదాకా పెదవి విప్పేవారు కాదు. ఈలోపు సగంమంది తమ ప్రశ్నకు తామే జవాబు చెప్పుకొని వెళ్లిపోయేవారు. బెజవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు లారీలకు రంగులు వేసిన చెయ్యి అది. ఆయన గీసిన నెమళ్లు ఇప్పుడు ఏయే రాష్ట్రాల్లో వానకు తడుస్తున్నాయో ఆయనకే తెలియదు.

ఆ రోజు అడిగింది హైమవతి. కాలేజీలో రసాయనశాస్త్రం చెబుతుంది. మూడేళ్లుగా ప్రతి ఆదివారం ఆయన షెడ్డుకు వచ్చి కుంచె పట్టడం నేర్చుకుంటోంది. ఆమె ధ్యాస లారీల మీద కాదు, జరగని చరిత్రలో నడిచే యుద్ధయంత్రాల మీద. డచ్చివాళ్లు బందరు రేవును వదలకుండా ఉండి, కృష్ణ లంకల్లో యుద్ధం సాగి ఉంటే, ఆ బురదలో చక్రాలు దిగబడతాయి గనుక పొడుగాటి కాళ్ల మీద నడిచే ఆవిరియంత్రం ఒకటి పుట్టి ఉండేదని ఆమె ఊహ. దానికి బురదలో నత్తలు ఏరుకునే నత్తగుల్లకొంగ పేరు పెట్టి, మూరెడు ఎత్తున నమూనా చేసింది. రేగడి బూడిదరంగు ఒళ్లు, తాటాకుపచ్చ చారలు, నడుముకు నీలిమందు పట్టీ. అద్దకం బట్టలకు పేరుపడ్డ సీమ గనుక అక్కడి దళం గుర్తు ఆ రంగే అయి ఉంటుందని ఆమె వాదన. వాదన గట్టిదే. ఆ ఒక్క పట్టీ కోసం పదిహేను రోజులు పాత పుస్తకాలు తిరగేసింది. యంత్రం వాడిందిలా కనబడాలని ఒళ్లంతా తుప్పు మరకలు, పెచ్చులు లేచిన చోట్లు సన్నకుంచెతో ఒక్కొక్కటే దిద్దింది.

అయినా నమూనాల పోటీలో రెండేళ్లు వరసగా ఆమె యంత్రాలను "ముచ్చటైన బొమ్మ" అని రాసి పక్కన పెట్టారు. వచ్చే వారం మళ్లీ పోటీ. ఈసారీ ఆ మాటే వస్తే కుంచెలు పారేస్తానని ఇంట్లో చెప్పి మరీ వచ్చింది.

"ఎన్నడూ లేనిదానికి ఏ రంగు నిజమో ఎలా తెలుస్తుంది మాస్టారూ?"

ఆయన కుంచె కడగడం మొదలుపెట్టారు. అది పూర్తి కాకముందే బాజీ అనే డ్రైవరు లారీ తెచ్చి ఆపాడు. ముందుభాగమంతా మళ్లీ పసుపు కొట్టాలట. మాస్టారు ఉప్పుకాగితం ముక్క హైమవతి చేతికిచ్చి, డ్రైవరు వైపు తలుపు చూపించారు. ఆమె పాత రంగు గీకుతూ కిటికీ అంచు దాకా వచ్చింది. అక్కడ కాస్త మేర రంగు పూర్తిగా పోయి ఇనుము అద్దంలా మెరుస్తోంది.

"అక్కడొద్దు మేడమ్, అదలా ఉండనీయండి" అన్నాడు బాజీ.

"రంగు వెయ్యకపోతే తుప్పు పట్టదూ?"

"ఎలా పడుతుంది? పద్నాలుగేళ్లుగా నా మోచెయ్యి ఉండేది అక్కడే. ఆ పక్కన ఇంకోటుంది చూడండి, అది మా తమ్ముడిది. ఏడాది తిప్పాడు బండి. వాడివి పొట్టి చేతులు, జానెడు ఇవతల అరగదీసి పెట్టాడు. దాన్ని మాత్రం మూసెయ్యి పెద్దాయనా, చూస్తే ఒళ్లు మండుతోంది."

"తమ్ముడిదీ ఉండనీరాదూ?" అంది హైమవతి.

"వాడి బండి వాణ్ణి కొనుక్కోమను."

మాస్టారు నవ్వారు. హైమవతి నవ్వబోయి, తను తెచ్చి బల్ల మీద పెట్టిన నత్తగుల్లకొంగ వైపు చూసింది. చెయ్యి చేరని వీపు మీద పెచ్చులు లేచాయి, మోకాళ్ల వెనక తుప్పు పట్టింది. సైనికుడు రోజూ ఎక్కాల్సిన నిచ్చెన మెట్లు మాత్రం నిన్న వేసిన రంగులా నిగనిగలాడుతున్నాయి.

ఆమె టర్పెంటైను గుడ్డ తీసుకొని వీపు మీది మరకలన్నీ తుడిచేసింది. నెల రోజుల పని అరగంటలో పోయింది. తరవాత ఉప్పుకాగితాన్ని గోరంత చించి నిచ్చెన దగ్గరికి తెచ్చింది. ఎక్కేవాడు చేత్తో పట్టుకునే పక్క కమ్మీకి ఆనించబోయి ఆగింది. కొంచెం పైకి జరిపింది, మళ్లీ కిందికి జరిపింది.

ఇవతల మాస్టారు కుంచె విదిలించి, ఆరబెట్టి అప్పుడడిగారు.

"ఆ నిచ్చెనెక్కే మీవాడు పొడుగా, పొట్టా తల్లీ?"